చెరువు కంట్రోలర్‌లో బైట్ల వరస

అల్లుడూ,

భీమవరంలో రొయ్యల చెరువులకి ఏరియేటర్ (నీళ్లకి గాలి పట్టించే యంత్రం) కంట్రోలర్ చేస్తున్నావనీ, సెన్సర్ చదివే ముక్క అసెంబ్లీలో రాస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. బైట్ల వరస గురించి మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను.

నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని (డీవో) కొలిచే నీ సెన్సర్ మోడ్‌బస్ పద్ధతిలో మాట్లాడుతుంది కదా. అది రెండు బైట్ల రిజిస్టర్ విలువలో పై బైట్ (ఎక్కువ విలువది) ముందు పంపుతుంది. నీ కార్టెక్స్-ఎం0 చిప్ లిటిల్ ఎండియన్, దానికి కింది బైట్ ముందుండాలి. సెన్సర్ విలువని 100 రెట్లు చేసి పంపుతోందనుకో. 5.20 అంటే 520, హెక్స్‌లో 02 08. తిరగబడితే 20.50 కనిపిస్తుంది, చూడగానే అనుమానం వస్తుంది. అదే 5.14 అయితే 02 02. తిరగేసినా అదే! టేబుల్ మీద ఆ అంకె చూసి ఓకే అనుకున్నావో, అంతే సంగతులు. తెల్లవారుజామున డీవో 2.55కి పడితే వచ్చేది 00 ఎఫ్‌ఎఫ్. నీ కోడ్‌కి అది 652.80, ఆక్సిజన్ బోలెడుందనుకుంటుంది. ఇక ఏరియేటర్ ఎందుకు తిరుగుతుంది?

రెండు బైట్లు (హాఫ్‌వర్డ్) ఒకేసారి చదివే ఎల్‌డీఆర్‌హెచ్‌తో లాగి, వాటిని తారుమారు చేసే రెవ్16 కొట్టేద్దామనిపిస్తుంది. వద్దు. సెన్సర్ జవాబులో స్లేవ్ అడ్రస్, ఫంక్షన్ కోడ్, బైట్ కౌంట్ అయ్యాక డేటా ఆఫ్‌సెట్ 3లో (సున్నా నుంచి లెక్కిస్తే) మొదలవుతుంది. బఫర్ సరి అడ్రస్‌లో ఉంటే డేటా బేసిలో పడుతుంది. అక్కడ హాఫ్‌వర్డ్ చదవమంటే ఎం0 హార్డ్ ఫాల్ట్‌లోకి పోతుంది, అంటే మామూలు ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. కార్టెక్స్-ఎం3 చిప్ మామూలుగా చదివేస్తుంది, అందుకే అక్కడ నడిచిన కోడ్ తెచ్చి పెట్టేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

ఒక్కో బైట్ చదివే ఎల్‌డీఆర్‌బీలు రెండు పెట్టి, ఆఫ్‌సెట్ 3 నుంచి ఆర్1లోకి, 4 నుంచి ఆర్2లోకి తెచ్చుకో. ఎల్‌ఎస్‌ఎల్‌ఎస్‌తో ఆర్1ని 8 బిట్లు ఎడమకి జరిపి, ఓఆర్‌ఆర్‌ఎస్‌తో ఆర్2ని కలుపు. చిప్ ఏ ఎండియన్ అయినా ఇది మారదు. సైకిళ్ల కోసం పీనాసితనం అక్కర్లేదు, 9600 బాడ్‌లో ఒక్క బైట్ రావడానికే మిల్లీసెకను దాటుతుంది. మైనస్‌లోకి వెళ్లే విలువైతే చివర మైనస్ గుర్తుని నిలిపే ఎస్‌ఎక్స్‌టీహెచ్ పెట్టు, లేకపోతే మైనస్ 5 కాస్తా 65531 అవుతుంది.

ఈ పని ప్యాకెట్ విప్పే చోటే, ఒక్కసారే చెయ్యి. మధ్యలో ఇంకోచోట తిప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

సీఆర్‌సీ (ప్యాకెట్ చెడిపోయిందేమో చూసే అంకె) మాత్రం అదే ప్యాకెట్‌లో కింది బైట్ ముందు వస్తుంది. ఎందుకలా పెట్టారో ఆ మహానుభావులకే తెలియాలి! డేటాకి రాసిన మాక్రో దానికి వాడకు. ఫ్లోట్ (దశాంశ సంఖ్య) పంపే సెన్సరైతే రెండు రిజిస్టర్లలో ఏది ముందో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. తెలిసిన విలువ ఒకటి చదివి తేల్చుకో.

టెస్ట్‌కి 12 34 లాంటి విలువ పెట్టి, డీబగ్గర్‌లో మెమరీని వర్డ్‌లుగా కాకుండా బైట్లుగా చూడు. అప్పటికీ తేలకపోతే ఆ ప్యాకెట్ బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా నాకు వాట్సాప్ చెయ్యి.

మావయ్య