ఇద్దరే బయల్దేరుతున్నారా? విదేశీ నగరాల యాత్రపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చాయి. భార్యాభర్తలు ఇద్దరే వెళ్తున్నవారి ప్రశ్నలు ఏరి ఇక్కడ ఇస్తున్నాం. వీసా నిబంధనలు, టికెట్ ధరలు మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ఇద్దరం టీచర్లుగా రిటైరయ్యాం. తొమ్మిది రాత్రుల్లో పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, లూసెర్న్, మిలాన్, వెనిస్, రోమ్ చూపిస్తామని ఒక ప్యాకేజీ కాగితం ఇచ్చారు. ఒకే ఖర్చుతో ఏడు ఊళ్లు అయిపోతాయని మా అబ్బాయి అంటున్నాడు. తీసుకోమంటారా?
(పాఠకురాలు, బొబ్బిలి)

జవాబు: వద్దండీ. ఊళ్లు ఎన్నని చూడకండి, పగటి గంటలు ఎన్ని మిగులుతాయో లెక్కవేయండి. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ సుమారు 500 కిలోమీటర్లు. నాలుగున్నర గంటలు బస్సు నడిపిన డ్రైవరు 45 నిమిషాలు ఆగి తీరాలని అక్కడి చట్టం. దీనికి భోజనం, టాయిలెట్ల కోసం ఆగడం, దారిలో బ్రసెల్స్‌లో దిగి ఎక్కడం కలిస్తే ఆ పగలంతా బస్సుకే సరి. ఏడు ఊళ్ల ప్యాకేజీలో ఇలాంటి పగళ్లు నాలుగైదు ఉంటాయి. ప్రతి ఉదయం ఏడింటికల్లా పెట్టెలు సర్ది కిందికి తేవాలి. అరవై దాటినవారిని అలసిపోయేలా చేసేది నడక కన్నా ఈ పెట్టెల పనే.

కాగితం ఇంకోసారి చదవండి. ‘ఫొటో స్టాప్’, ‘పనోరమిక్ టూర్’ అని రాస్తే బయట కాసేపు దింపుతారు, లేదా బస్సులోంచే చూపిస్తారు. ‘ప్రవేశ టికెట్‌తో’ అని ఉన్నచోటే లోపలికి వెళ్తారు. హోటల్ పేరు రాయకుండా ‘అదే స్థాయి హోటల్’ అంటే చాలాసార్లు అది ఊరి బయట హైవే పక్కన ఉంటుంది. రాత్రి భోజనం అయ్యాక ఇద్దరూ అలా ఊళ్లోకి వెళ్లి రావడానికి వీలుండదు. జంటగా వెళ్లినవారికి బాగా గుర్తుండిపోయేవి ఆ సాయంత్రాలే కదా!

అవే తొమ్మిది రాత్రులు పారిస్‌కు నాలుగు, రోమ్‌కు ఐదు ఇవ్వండి. పారిస్‌లో దిగి రోమ్ నుంచి తిరిగొచ్చేలా ‘మల్టీ సిటీ’ టికెట్ తీసుకుంటే వెనక్కి వెళ్లే పని తప్పుతుంది. మధ్యలో విమానంలో రెండు గంటల ప్రయాణం.

పారిస్‌లో వారాలు చూసుకోకపోతే దెబ్బతింటారు. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ ప్యాలెస్‌లకు సోమవారం సెలవు. లూవ్ర్‌కు బుధవారం గానీ శుక్రవారం గానీ సాయంత్రం వెళ్లండి, ఆ రెండు రోజులూ రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, జనం కూడా పలచబడతారు. మోనాలిసా బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లే. దాని ముందు తోసుకుని వెనక్కి తిరిగిపోకుండా ఎదుటి గోడ చూడండి. ఇటలీ చిత్రకారుడు వెరోనీసే గీసిన, బైబిల్లోని కానా పెళ్లివిందు చిత్రం దాదాపు పది మీటర్ల వెడల్పుతో గోడంతా ఉంటుంది. ఆ గదిలో తీరిగ్గా చూడదగ్గది అదే. ఐఫిల్ టవర్ లిఫ్ట్ టికెట్లు 60 రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఇస్తారు. సెలవుల కాలంలో త్వరగా అయిపోతాయి. అవి దొరక్కపోతే అక్కడి కౌంటర్ దగ్గర వరసలో నిలబడాలి, లేదంటే రెండో అంతస్తు దాకా 674 మెట్లు ఎక్కాలి! చీకటి పడ్డాక గంట గంటకూ ఐదు నిమిషాలు టవర్ మిలమిలలాడుతుంది, దానికి టికెట్ అక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో కాలిపోయిన నోత్రదామ్ చర్చి 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు, ప్రవేశం ఉచితం.

రోమ్‌లో కొలోసియం టికెట్‌తోనే పక్కనున్న పాత రోమ్ శిథిలాలు, అంటే ఫోరమ్, పాలటైన్ గుట్ట కూడా చూడొచ్చు. టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టు తీసుకెళ్లండి. వాటికన్ మ్యూజియాలు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. బుధవారం ఉదయం పోప్ దర్శనం ఉంటే సెయింట్ పీటర్స్ చర్చి మధ్యాహ్నం దాకా మూసి ఉంచుతారు. భుజాలు, మోకాళ్లు కప్పుకోకపోతే గుమ్మంలోనే ఆపేస్తారు. చీరకట్టుకు ఏ ఇబ్బందీ లేదు. కాలిబాటలన్నీ ఎగుడుదిగుడు రాళ్లు కాబట్టి చెప్పులు కాకుండా మెత్తటి అడుగున్న షూ వేసుకోండి. వీధుల్లోని ఇనుప కుళాయిల నీళ్లు తాగడానికి మంచివి, ఖాళీ సీసా ఒకటి చేతిలో ఉంచుకోండి.

శాకాహారం, భాష గురించి మరీ బెంగగా ఉండి గుంపుతోనే వెళ్లాలనుకుంటే, ప్రతి ఊళ్లో కనీసం రెండు రాత్రులు ఉంచే ప్యాకేజీ వెతకండి. పారిస్‌లో గార్ ద్యు నోర్ స్టేషన్ దగ్గరి ఫోబూర్ సెంట్ డెనీ వీధిలో తమిళుల హోటళ్లు వరసగా ఉంటాయి. అక్కడ ఇడ్లీ, దోసె దొరుకుతాయి.

ప్రశ్న: మేం పారిస్, రోమ్‌లతో పాటు మధ్యలో మూడు రోజులు లండన్‌లో మా మేనకోడలి ఇంటికి వెళ్లాలి. ఒక్క వీసా చాలదా? నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. అది మార్చుకోవాలా?
(పాఠకురాలు, రాజాం)

జవాబు: చాలదమ్మా. ఫ్రాన్స్, ఇటలీ కలిసి ఉన్న, ఒకే వీసా చెల్లే షెన్‌గెన్ కూటమిలో 29 దేశాలున్నాయి, బ్రిటన్ అందులో లేదు. లండన్‌కు వేరే వీసా, వేరే ఫీజు. ఇక్కడే చాలామంది చిక్కుకునే గొడవ ఇంకొకటుంది. పారిస్ నుంచి లండన్ వెళ్లారంటే షెన్‌గెన్ దాటినట్టే. తిరిగి రోమ్‌లో దిగడం రెండో ప్రవేశం అవుతుంది. ఒక్కసారి ప్రవేశానికే వీసా ఇచ్చి ఉంటే విమానం ఎక్కనివ్వరు. అందుకే దరఖాస్తులో ఎక్కువసార్లు ప్రవేశం కావాలని అడగండి. అంతకన్నా సులువు, లండన్‌ను ముందుకో వెనక్కో జరపడం.

షెన్‌గెన్ దరఖాస్తు ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి పెట్టాలి. పారిస్‌లో నాలుగు, రోమ్‌లో ఐదు అయితే ఇటలీకి. రెండూ సమానమైతే ముందు దిగే దేశానికి. పెద్దవారికి ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, 15 రోజుల లోపు అయితే తీసుకోరు. వేసవి ప్రయాణమైతే మూడు నెలల ముందే పెట్టేయండి. ఒక్కొక్కరికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత పాస్‌పోర్టు గడువు మూడు నెలలైనా మిగలాలి, అందులో రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వేలిముద్రలకు ఇద్దరూ స్వయంగా వెళ్లాలి కాబట్టి అపాయింట్‌మెంట్ ఒకే రోజుకు తీసుకోండి.

దరఖాస్తుకు ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం జమ చేయడం పొరపాటు. ఆ డబ్బు ఎక్కడిదో కాగితం చూపించలేకపోతే అనుమానం వస్తుంది. పొలం అమ్మినదో, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసినదో అయితే ఆ పత్రం జతచేయండి.

ఇంటిపేరు మార్చుకోనక్కర్లేదు. టికెట్, బీమా, హోటల్ బుకింగ్ అన్నిటా పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే ఉండాలి, అంతే. మీ ఖర్చు మీవారు పెడుతున్నట్టు చూపించాలంటే ఇద్దరి ఇంటిపేర్లూ వేరు కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రం కావాలి. శుభలేఖ, గుడిలో ఇచ్చిన రసీదు దాన్ని పొందడానికి పనికొస్తాయి గానీ దాని బదులు చెల్లవు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే మాట పేరున్న పాస్‌పోర్టులకు మాత్రం దుబాయ్ వైపు అడ్డు తగులుతుంది. అలాంటివారు ముందే రీ-ఇష్యూ చేయించుకోవడం మేలు. మన రెండు జిల్లాలూ విశాఖ పాస్‌పోర్టు కార్యాలయం కిందికే వస్తాయి.

ప్రశ్న: కొత్తగా పెళ్లయింది. దుబాయ్, సింగపూర్‌లలో ఏది ముందు? అమ్మ ఆవకాయ, గోంగూర, మసాలా పొడి, ఎండుకొబ్బరి కట్టి ఇస్తానంటోంది. పట్టుకెళ్లనిస్తారా?
(పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: నవంబర్ నుంచి మార్చి లోపల అయితే దుబాయ్ వెళ్లండి. మే నుంచి సెప్టెంబర్ దాకా అక్కడి ఎండకు బయట తిరగలేరు. మిగతా నెలల్లో అయితే సింగపూర్. అక్కడ ఏడాది పొడవునా ఒకటే ఉక్కపోత, ఎప్పుడైనా వాన. గొడుగు దగ్గరుంటే చాలు.

మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయేమో అమ్మగారిని అడగండి. ఉంటే ఇంట్లోనే వదిలేయండి. దుబాయ్‌లో, సింగపూర్‌లో గసగసాలను మాదకద్రవ్యాల చట్టం కింద చూస్తారు. వంటకోసమని చెప్పినా వినరు. దగ్గుమందుల్లో, నొప్పి బిళ్లల్లో కొడీన్, ట్రమడాల్ ఉన్నవి కూడా దుబాయ్‌కి అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పు అంటుకుంటుందని చెకిన్ సామానులో నిషేధించారు. ఊరగాయలు చేతి సంచిలో వద్దు, 100 మిల్లీలీటర్లు దాటిన నూనె సరుకు భద్రతా తనిఖీలో తీసి పడేస్తారు. చెకిన్ పెట్టెలో పెట్టేటప్పుడు గాజు సీసా కాకుండా ప్లాస్టిక్ డబ్బా వాడండి. పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి, మూతకు టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టండి. అంచుదాకా నింపితే పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు నూనె బయటికి కారుతుంది. పవర్ బ్యాంక్ దీనికి పూర్తిగా తలకిందులు, చేతి సంచిలోనే ఉండాలి. (యూరప్ వెళ్లేవారికి ఒక మాట: నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్లు అక్కడికి తీసుకెళ్లకూడదు. పలాస జీడిపప్పు నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు.)

దుబాయ్ మెట్రోలో స్త్రీలకు, పిల్లలకు కేటాయించిన పెట్టె ఉంటుంది. మీ ఆవిడ వెనకే మీరూ అందులో ఎక్కేస్తే 100 దిర్హమ్‌లు జరిమానా. సింగపూర్‌లో దిగే ముందు మూడు రోజుల లోపల అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైటు అసలుది కాదు. గార్డెన్స్ బై ది బే దగ్గర దీపాల ప్రదర్శన రాత్రి 7:45కు, 8:45కు జరుగుతుంది. పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: లండన్ వెళ్తున్నాం. నగదు ఎంత తీసుకోవాలి? ఒక కార్డుంటే ఇద్దరికీ సరిపోతుందా?
(పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: సరిపోదు. లండన్ మెట్రో గేటు దగ్గర కార్డు తాకిస్తేనే దారి ఇస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు తాకించిన కార్డే బయటికి వచ్చేటప్పుడూ తాకించాలి. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు, ఇద్దరికీ చెరొకటి ఉండాలి. అదే కార్డును పొద్దున ఫోన్‌తో, సాయంత్రం ప్లాస్టిక్ కార్డుతో తాకిస్తే యంత్రం రెండు వేర్వేరు కార్డులనుకుంటుంది. రోజుకు ఇంతకు మించి వసూలు చేయరనే పరిమితి అప్పుడు మీకు వర్తించదు. బస్సులో ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, నగదు అసలు తీసుకోరు.

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మొదట్లో ఆపి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో ‘ఇంటర్నేషనల్’, ‘కాంటాక్ట్‌లెస్’ రెండూ తెరుచుకోండి. ఒక కార్డు పోతే ఇంకొకటి ఉండేలా ఇద్దరివీ వేర్వేరు జేబుల్లో పెట్టుకోండి. విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకా కొనుక్కోవచ్చు గానీ లండన్‌కు అంత అక్కర్లేదు, ఇద్దరికీ కలిపి 150 పౌండ్లు ఉంటే చాలు. షాపులో, ఏటీఎంలో ‘రూపాయల్లో కడతారా?’ అని తెర మీద వస్తే వద్దని నొక్కి పౌండ్లే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్లు వేసిందే అవుతుంది, అది ఎప్పుడూ మనకు నష్టమే.

ప్యాకేజీ కొంటే ఏజెన్సీ దాని మీద టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) వసూలు చేస్తుంది. అది ఖర్చు కాదు, ఎవరి పాన్ మీద కట్టారో వారి ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఇద్దరిలో ఏటా రిటర్ను వేసేవారి పేరునే కట్టండి.

ప్రశ్న: మాయావిడ పుస్తెలతాడు, నాలుగు గాజులు ఏసుకునే వస్తానంటంది. ఎయిర్‌పోర్టులో ఏటైనా ఇబ్బంది ఉంటాదా?
(పాఠకుడు, టెక్కలి)

జవాబు: వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, వచ్చేటప్పుడే ప్రశ్నలు వస్తాయి. ఆ బంగారం ఇక్కడిదేనని రుజువుండాలి. బరువు, ఫొటోలతో నగల షాపు ఇచ్చిన మదింపు కాగితం తీసుకెళ్లి, బయల్దేరే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. దీనికి గంట సమయం ముందుంచుకోండి. ఆడవారు 40 గ్రాములు పన్ను లేకుండా తెచ్చుకోవచ్చని విని ఉంటారు. అది ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారికే. పారిస్, రోమ్ మెట్రోల్లో జేబుదొంగలు ఎక్కువ కాబట్టి సన్నటి నల్లపూసల గొలుసు ఉంచుకుని గాజులు లాకర్లో పెట్టడమే మంచిదని మీ ఆవిడగారికి మా మాటగా చెప్పండి.

ప్రశ్న: మావారికి షుగర్, ఇన్సులిన్ వాడతారు. నాకు మోకాళ్ల నొప్పులు. వెళ్లగలమా?
(పాఠకురాలు, విజయనగరం)

జవాబు: నిస్సంకోచంగా వెళ్లండి. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామాను గదిలో చలికి గడ్డకడితే మందు పాడవుతుంది. డాక్టరు చీటీలో మందుల జెనరిక్ పేర్లు రాయించుకోండి. పారిస్ సమయం మనకన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ప్రయాణం రోజు మోతాదు ఎలా మార్చాలో ముందే డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోండి. వీల్‌చైర్ సాయం ఉచితం, కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పాలి. పారిస్ మెట్రో స్టేషన్లు చాలావాటిలో లిఫ్టులు లేవు. సిటీ బస్సులే ఎక్కండి, కిటికీలోంచి ఊరు కూడా కనిపిస్తుంది.

ప్రశ్న: అక్టోబర్ 20 తర్వాత హైదరాబాద్ నుంచి పారిస్ విమానం. రైల్లో ఉదయం దిగి మధ్యాహ్నం విమానం ఎక్కొచ్చా?
(పాఠకుడు, నరసన్నపేట)

జవాబు: ఆ నెలలో వద్దు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి. తుపాను లేకున్నా గట్టి వాన పడితే మన మెయిన్ లైనులో రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఒక రోజు ముందే హైదరాబాద్ చేరండి. లేదా విశాఖ నుంచి పారిస్ దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్ కొనండి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా వేరే విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడివిడిగా కొన్న టికెట్లకు ఆ హామీ ఉండదు. పైగా వెళ్లేటప్పటి విమానం ఎక్కకపోతే అదే టికెట్‌లోని తిరుగు ప్రయాణం కూడా మామూలుగా రద్దయిపోతుంది. విశాఖ, భోగాపురాలలో ఏ విమానాశ్రయమో టికెట్ మీద చూసుకోండి.

అక్టోబర్ ఆఖరి ఆదివారం తెల్లవారుజామున యూరప్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఫోన్ దానంతటదే మారుతుంది, చేతి గడియారం మీరే మార్చుకోవాలి. ఆ రోజు నుంచి పారిస్‌లో సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. కాబట్టి వెర్సాయ్ తోటల్లాంటి ఆరుబయట చూసేవి పొద్దుటికి, మ్యూజియాలు సాయంత్రానికి పెట్టుకోండి.