క్లబ్బు బాధ్యత తీసుకున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,

బాబాయి ఆశీస్సులు. నిన్ను ఆటల క్లబ్బు కార్యదర్శిగా ఎన్నుకున్నారని విని చాలా సంతోషించాను. ఏదైనా జరిగితే ఎలా అని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ఆ భయం ఉండాల్సిందే. నేను చూసిన ప్రమాదాల్లో చాలావరకు ముందే అందరికీ తెలిసినవి. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నాం, అంతే.

నా హయాంలో అటూ ఇటూ జరిపే గోల్‌పోస్టు ఒకటి ఉండేది. వెనక బరువు లేకపోతే ముందుకు ఒరుగుతుందని కోచ్‌కి తెలుసు, నాకూ తెలుసు. ఒక సాయంత్రం ఓ పిల్లాడు అడ్డకమ్మీ పట్టుకుని వేలాడాడు. పోస్టు పడిపోయింది. వాడు పక్కకి దొర్లాడు కాబట్టి బతికాడు. ఇసుక బస్తాలు సామాన్ల గదిలోనే ఉన్నాయి. వాటిని తెచ్చి వేయడం ఎవరి పనో మాత్రం మేము ఎక్కడా రాసుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మొదటి మీటింగ్‌లోనే ఒక నోటుబుక్కు తెరువు. ఏం జరగవచ్చు, జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత, ఎవరు చూస్తారు అని గళ్లు గీయి. ఆఖరి గడిలో ‘కమిటీ’ అని రాయనివ్వకు, మనిషి పేరు రాయించు. అరుదుగా జరిగేదైనా ప్రాణం తీసేదైతే దాన్ని ముందు పట్టించుకో. వెంట్రుకవాసిలో తప్పినవీ రాయించు. వచ్చి చెప్పినవాళ్లని కోప్పడితే ఇంకోసారి ఎవరూ చెప్పరు.

ఆట ఆపే అధికారం ఎవరిదో మ్యాచ్‌కి ముందే తేల్చు. మెరుపు మెరిసిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు సుమారు పది కిలోమీటర్ల లోపే ఉందన్నమాట. అందరినీ భవనంలోకి పంపు, చెట్ల కిందకి వద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగు. తలకు దెబ్బ తగిలి తికమకపడే ఆటగాణ్ని ఆ రోజు మళ్లీ దించకు. ఫైనలైనా సరే, ఎంత బతిమాలినా సరే. ఎవరైనా ఉన్నట్టుండి కుప్పకూలి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా తీసుకోకపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేయిస్తూనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఇది కోచ్‌లందరికీ నేర్పించు. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ ఉంటే దాని గదికి తాళం వేసి తాళంచెవి ఇంటికి తీసుకెళ్లే అలవాటు మాన్పించు.

డబ్బుకి రెండు సంతకాలు పెట్టించు. ఇన్సూరెన్స్ పత్రం చివరిదాకా చదువు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకి వర్తిస్తుందో లేదో చూడు.

పిల్లల దగ్గర పెద్దవాళ్లు ఒంటరిగా ఉండకూడదు, ఇద్దరుండాలి. కొందరు నొచ్చుకుంటారు, నా స్నేహితులే నొచ్చుకున్నారు. అయినా సడలించకు. నియమం ముందు నీకే పెట్టుకో.

ఈ ఆదివారం ప్రాక్టీసుకి గంట ముందే వెళ్లి మైదానమంతా నడువు. గోల్‌పోస్టుల్ని చేత్తో ఊపి చూడు. కనిపించినవన్నీ రాసి నాకు పంపు, ఇద్దరం కూర్చుని పేర్లు ఆలోచిద్దాం.

మీ బాబాయి