కుక్కపిల్ల రాత్రి ఏడిస్తే

బుజ్జీ,

నువ్వు విజయనగరంలో అద్దె గదికి కుక్కపిల్లని తెచ్చుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తల్లిని లారీ గుద్దేసిందట, మీ ఆఫీసు మెట్ల కింద ఒక్కతే కూర్చుని ఏడుస్తోందట. నిన్ను గట్టిగా తిట్టమంది మీ అమ్మ. నాకు నోరు రాలేదు. సెలవలకి పలాస వచ్చినప్పుడల్లా మా వీధిలో కుంటికుక్కకి నీ పళ్లెంలో అన్నం తీసుకెళ్లి పెట్టిన గుంటవే కదా నువ్వు! కానీ ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. మార్గశిరం చలి, గచ్చు నేల, తల్లి లేని పిల్ల. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. రేపే పశువుల డాక్టరుకి చూపించు. పురుగుల మందు, టీకాలు ఎప్పుడెప్పుడో ఆయన రాసిస్తాడు; రేబిస్ టీకా మూడో నెల నిండాక వేస్తారు. ఆవుపాలు పొయ్యకు, విరేచనాలు పట్టుకుంటాయి. మెత్తటి అన్నం, ఉడికించిన కోడిమాంసం కొంచెం కొంచెంగా రోజుకి నాలుగుసార్లు పెట్టు. ఆటలో నీ చెయ్యి కొరికి రక్తం వస్తే ‘చిన్నపిల్లే కదా’ అనుకోకు. పావుగంట సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. ఈ విషయంలో నా మాట వినకపోతే నేనే బస్సెక్కి వస్తాను.

ఇక రాత్రి సంగతి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, పుష్యమాసంలో, కళ్లంలో కుప్పలకి కాపలాగా ఉంటుందని ఒక పిల్లని తెచ్చాను. నెల కూడా నిండలేదు దానికి. ఎర్రగా ఉందని ఎర్రోడు అన్నాను. కళ్లం మా పెరటి వెనకే. రాటకి తాడు కట్టి, పక్కన గడ్డి పరిచి, వచ్చి పడుకున్నాను. చీకటి పడిన దగ్గర్నుంచీ ఏడుపే. నేను లేవబోతే మా నాన్న, “వెళ్లావంటే అలవాటైపోద్ది. మూడు రాత్రులు ఏడ్చి అదే ఊరుకుంటది” అన్నారు. రెండు రాత్రులు చెవుల మీద దుప్పటి కప్పుకున్నాను. మూడో రాత్రి నిజంగానే ఊరుకున్నాడు. అమ్మయ్య, అలవాటు పడ్డాడనుకుని హాయిగా నిద్రపోయాను బుజ్జీ.

తెల్లారి వెళ్లి చూస్తే తాడు రాటకి చుట్టుకుపోయి జానెడే మిగిలి ఉంది. గడ్డి మూరెడు దూరంలో ఉంది, వాడికి అందలేదు. మంచుకి ఒళ్లంతా తడిసి ముద్దయింది. చెవులు చల్లగా ఉన్నాయి. కడుపు కింద చెయ్యి పెడితే అక్కడా చల్లగానే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడవడానికి ఓపిక లేక ఊరుకున్నాడు వాడు.

మా నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మూకుట్లో ఇసుక కాచి, పాత చీరముక్కలో మూట కట్టి, తన బుగ్గకి ఆనించి వేడి చూసుకుని, వాడి పక్కన పెట్టింది. మధ్యాహ్నానికి కదిలాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. పగలంతా నా సైకిలు వెనకే పరిగెత్తేవాడు. చీకటి పడితే మాత్రం నాయనమ్మ మంచం కిందే. నేను పిలిస్తే తోక ఊపేవాడు, కానీ ఒక్కనాడూ లేచి రాలేదు.

అందుకే చెప్తున్నాను, తాడు కట్టకు. వరండాలో పడుకోబెట్టకు. నీ మంచం పక్కనే, చెయ్యి జారవిడిస్తే అందేంత దగ్గరలో పడక వెయ్యి. జీడిపప్పు వచ్చే అట్టపెట్టె చాలు, ఒక పక్క కోసెయ్యి. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, తువ్వాలు చుట్టి ఒక మూల పెట్టు. వేడెక్కితే పక్కకి జరగడానికి చోటు ఉంచు.

ఎనిమిదింటికల్లా ఆఖరి ముద్ద పెట్టెయ్యి. పడుకునే ముందు బయటికి తీసుకెళ్లు. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు, కాబట్టి ఒంటిగంటకొకసారి, నాలుగింటికొకసారి అలారం పెట్టుకో. లేచినప్పుడు పెద్ద లైటు వెయ్యకు, ముద్దు చెయ్యకు, ఆడించకు. పని కాగానే మళ్లీ పెట్టెలోకి. కాసేపు కుయ్ కుయ్ మంటే చెయ్యి వేసి ఉంచు, సద్దుకుంటుంది. అలవాటైపోతుందని ఎవరైనా అంటే అననీ. పక్కన మనిషి ఉందన్న ధీమా వచ్చాక నెమ్మదిగా దూరం జరపొచ్చు. మీ ఇంటి ఓనరుకి మాత్రం ముందే చెప్పు, నాలుగు రాత్రులు గొడవగా ఉంటుంది, ఓపిక పట్టండి అని.

ఎర్రోడి తర్వాత చాలా ఏళ్లకి తెచ్చిన నల్లదాన్ని మొదటి రాత్రి నుంచీ నా మంచం పక్కనే పడుకోబెట్టాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి, బయట కొబ్బరిచెట్లు ఒక్కొక్కటీ విరిగి పడుతుంటే, అది నా పాదం మీద తల పెట్టుకుని పడుకుంది. ఆ బరువు ఇంకా నా కాలి మీద ఉన్నట్టే ఉంటుంది.

మీ పెద్దమ్మ పాత చీరలతో కుట్టిన చిన్న బొంత ఒకటి ఎల్లుండి మీ తమ్ముడి చేత పంపుతున్నాను. ఉతికిందే. రాగానే దాని కింద పరిచెయ్యకు. ముందు ఒక రాత్రి నువ్వు కప్పుకుని పడుకో, నీ వాసన పట్టనీ. ఆ తర్వాత దానికి వెయ్యి.

మీ పెదనాన్న