రాత్రి కపాలభాతి చేస్తే నిద్ర పట్టడం లేదా? ఇలా మార్చు

తమ్ముడూ, స్టడీ అవర్ అయ్యాక పదిన్నరకు పది నిమిషాలు కపాలభాతి చేస్తున్నానని, గుండె దడగా ఉండి నిద్ర రావడం లేదని రాశావు. తప్పు కపాలభాతిది కాదు, వేళది. అది ముక్కుతో ఊపిరిని విసురుగా బయటికి వదులుతూ ఒంటిని హుషారు చేసే క్రియ. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో కూడా షట్కర్మల్లోనే, అంటే ఆరు శుద్ధి క్రియల్లోనే ఉంది. పొద్దున్నే పరగడుపున, 20 విసుర్ల చొప్పున రెండు ఆవృత్తులు చాలు. బీపీ, హెర్నియా ఉంటే అసలు వద్దు.

రాత్రికి నాడీశోధన పెట్టుకో, అంటే ఒక్కో ముక్కు మార్చి మార్చి నెమ్మదిగా ఊపిరి తీయడం. మంచం మీదైనా సరే, వెన్ను నిటారుగా కూర్చో. కుడిచేతి చూపుడు, నడిమి వేళ్లు మడిచి, బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమవైపు నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చు. ఉంగరపువేలితో ఎడమ మూసి కుడివైపు ఎనిమిది అంకెలు వదులు. మళ్లీ కుడివైపే పీల్చి ఎడమవైపు వదిలితే ఒక ఆవృత్తి. అలాంటివి ఆరు. ఊపిరి బిగబట్టకు, ఆ బిగబట్టడం (కుంభకం) గురువు దగ్గర నేర్చుకోవాల్సింది. ఎనిమిది అందక ఆయాసం వస్తే ఆరుకు దించు, పంతానికి పోవద్దు. చాలామంది ముక్కును నొక్కిపారేస్తారు. ఎముక దిగగానే మెత్తగా ఉండే చోట వేలు ఆనిస్తే చాలు.

జలుబుంటే దాని బదులు భ్రామరి, అంటే తుమ్మెదలా ఝుంకరించడం: చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెను నొక్కి, పెదాలు కలిపి, పళ్లు ఎడంగా ఉంచి, వదిలే ఊపిరంతా సన్నగా 'మ్' అంటూ ఐదుసార్లు. రూమ్‌మేట్లు నవ్వితే నవ్వనీ.

ఫోన్ మాత్రం ముందే పక్కన పెట్టు. రెండు మూడు వారాలకీ దడ తగ్గకపోతే డాక్టరుకు చూపించు.