తింటూనే చిక్కిపోతున్న ముసలి పిల్లికి ఏ పరీక్షలు చేయించాలి?

మీ పదమూడేళ్ల పిల్లి గిన్నె ఊడ్చి తింటున్నా చిక్కిపోతోందని, ఇంట్లోవాళ్లేమో "ముసలిదైంది, అంతే" అంటున్నారని రాశారు. దయచేసి ఆ మాటతో ఊరుకోకండి. వయసు మీద పడితే పిల్లి నెమ్మదిస్తుంది, ఎక్కువసేపు పడుకుంటుంది. కారణం లేకుండా ఒళ్లు తగ్గిందంటే మాత్రం లోపల ఏదో జబ్బుందేమో చూసి తీరాలి. నాలుగు కిలోల పిల్లికి 400 గ్రాములు తగ్గడమంటే ఒంట్లో పదో వంతు పోయినట్టే.

మేం హైదరాబాద్ మల్కాజిగిరిలో ఉంటాం. మా బుజ్జికీ సరిగ్గా ఇలాగే అయింది. తెల్లారకముందే అరిచి లేపేది, పెట్టిందంతా తినేసి మళ్లీ గిన్నె దగ్గరే నిలబడేది. వీపు నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేళ్లకు తగిలేవి. పొట్ట మాత్రం వేలాడుతుండేది, అందుకే చూసినవాళ్లెవరికీ అది సన్నబడినట్టు అనిపించేది కాదు. ఎత్తుకుంటే గుండె దడదడా కొట్టుకోవడం అరచేతికి తెలిసేది. మొదట చూపించిన డాక్టరు నులిపురుగుల మందూ, విటమిన్ సిరప్పూ రాసి పంపేశారు. బరువు తగ్గుతూనే ఉంది. రెండో డాక్టరమ్మ దాని గడ్డం పైకెత్తి, గొంతుకు రెండు పక్కలా వేళ్లతో మెల్లగా కిందికి తడిమి, "ఇక్కడ చిన్న గడ్డలా తగులుతోంది, టీ4 చేయిద్దాం" అన్నారు. టీ4 అంటే రక్తంలో థైరాయిడ్ హార్మోను ఎంతుందో చూసే పరీక్ష. థైరాయిడ్ బాగా ఎక్కువని తేలింది.

పదేళ్లు దాటిన పిల్లుల్లో ఇది తరచూ కనిపించే జబ్బే. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి పెరిగి హార్మోను ఎక్కువగా వదులుతుంది, దాంతో ఎంత తిన్నా ఒంటికి పట్టదు, ఉన్న కండ కూడా కరిగిపోతుంది. కాబట్టి "బాగానే తింటోంది కదా" అని ధైర్యపడొద్దు.

అలాగని థైరాయిడ్ ఒక్కటే చూసి ఆగిపోకండి. షుగరున్న పిల్లి కూడా తింటూనే తగ్గుతుంది. నీళ్లు ఎక్కువ తాగుతోందా, లిట్టర్ ఇసుకలో మూత్రంతో కట్టే ఉండలు పెద్దవవుతున్నాయా గమనించండి. కిడ్నీ జబ్బులోనూ నీళ్లు ఎక్కువే తాగుతుంది, కాకపోతే తిండి మెల్లగా తగ్గుతూ వస్తుంది. పంటి నొప్పి, పేగుల వాపు, క్యాన్సరు కూడా కారణం కావచ్చు. వాంతులూ విరేచనాలూ ఉంటే అల్ట్రాసౌండ్ అవసరం పడొచ్చు. టీ4, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగర్, రక్తకణాల లెక్క చూసే సీబీసీ, మూత్ర పరీక్ష అన్నీ ఒకేసారి చేయమని అడగండి, వీలుంటే బీపీ కూడా. మన ట్రాఫిక్‌లో ఆటోలో బెదిరిపోయి వచ్చిన పిల్లికి ఆ కంగారుకే షుగర్ పెరిగి కనిపిస్తుంది. అలాంటప్పుడు ఫ్రక్టోసమిన్ పరీక్ష చేస్తే నిజంగా షుగరుందో లేదో తేలుతుంది.

థైరాయిడ్ అని తేలితే ఒక సంగతి ముందే తెలుసుకోండి. అది ఎక్కువగా ఉన్నన్నాళ్లూ కిడ్నీలకు రక్తం జోరుగా పారుతుంది, క్రియాటినిన్ బాగున్నట్టే వస్తుంది. మందుతో థైరాయిడ్ అదుపులోకి వచ్చాక దాగి ఉన్న కిడ్నీ జబ్బు బయటపడొచ్చు. అందుకే మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు మళ్లీ రక్తపరీక్ష తప్పనిసరి. బుజ్జి థైరాయిడ్‌ను తగ్గించే మెథిమజోల్ వాడుతోంది. మాత్రను ముళ్లు తీసిన చేప ముద్దలో పెట్టి ఇస్తాం. అది మళ్లీ ఒళ్లు చేసింది, తెల్లవారుజాము అరుపులూ తగ్గాయి. మనుషుల థైరాయిడ్ మాత్రలు ఇంట్లో ఉన్నాయని వేసేయకండి, సాధారణంగా అవి హార్మోను తక్కువైనవాళ్లకు ఇచ్చేవి. పారాసెటమాల్ అయితే పిల్లి ప్రాణమే తీస్తుంది.

బరువుకు పసిపిల్లల తూకం మిషను మంచిది, మనుషుల మిషను వంద గ్రాముల తేడా సరిగా పట్టదు. వారానికోసారి తూచి రాసుకుని, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. దగ్గర్లో ఈ పరీక్షలు చేసేవాళ్లు లేకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఈలోగా తిండి పూర్తిగా మానేసిందంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి. పస్తున్న పిల్లికి కొద్ది రోజుల్లోనే లివర్‌కు కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది.