టెక్ సందేహాలు: నెట్ లేకుండా లియోన్ సందుల్లో

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. వచ్చే నెల రెండు వారాలు వాడి దగ్గరికి వెళ్తున్నాను. పగలంతా వాడికి క్లాసులు. గైడ్ లేకుండా పాత ఊరు నేనే నడిచి చూద్దామని ఉంది. ఫ్రెంచ్ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. గూగుల్ మ్యాప్స్‌లో ఊరు మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుందా? తప్పిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సరిపోదండీ. గూగుల్ మ్యాప్స్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు నెట్ లేనప్పుడు కారు దారి చూపిస్తుంది, నడిచే దారి చూపించదు. చాలామందికి ఈ సంగతి వీధిలో నిలబడ్డాకే తెలుస్తుంది. పాత లియోన్‌లో చూడాల్సినవేమో కారు పట్టని చోట్లలోనే ఎక్కువ.

దాంతోపాటు ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ వేసుకోండి. ఉచితం, ప్రకటనలు ఉండవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడుస్తుంది. ఫ్రాన్స్ మొత్తం అక్కర్లేదు, లియోన్ ఉన్న ప్రాంతం ఒక్కటి దించుకుంటే చాలు. నెట్ లేకపోయినా నడక దారి చెబుతుంది, ఆ దారిలో ఎక్కుడు ఎంతో కూడా గీత గీసి చూపిస్తుంది. మీరు చూడాల్సిన చోట్లన్నీ మీ అబ్బాయి తన ఫోన్‌లో గుర్తు పెట్టి, ఆ లిస్టును ఒక ఫైలుగా వాట్సాప్‌లో పంపితే మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఇది విమానం ఎక్కకముందే, ఇంట్లో వైఫై మీద అయిపోవాలి.

ఇక అసలు చిక్కు ట్రబూల్స్‌తో. ఒక వీధిలో తలుపు తోసుకుని లోపలికి వెళ్తే, ఇళ్ల కిందుగా, పెరళ్ల మీదుగా నడిచి ఇంకో వీధిలో తేలే దారులివి. సాన్ జాన్ వీధిలో 54వ నంబరు తలుపు లోంచి వెళ్తే బఫ్ వీధిలో 27వ నంబరు దగ్గర బయటపడతారు. పాత ఊళ్లో పొడవైన ట్రబూల్ అదే. బయటి నుంచి చూస్తే మామూలు ఇంటి తలుపు. పక్కన బటన్ ఉంటే నొక్కి, తలుపు తోయాలి. లోపల జనం కాపురం ఉంటారు. నగరపాలక సంస్థతో ఒప్పందం ఉంది కాబట్టి పగలు మనల్ని రానిస్తారు. అందుకే గొంతు తగ్గించాలి, వీడియో కాల్ అసలు వద్దు.

లోపల జీపీఎస్ పని చేయదు, నెత్తిన కప్పు ఉంటుంది కదా. కాబట్టి ఫోన్‌లో మీరున్న చోటు చూపించే చుక్కను కాదు, తలుపు నంబర్లను నమ్ముకోండి. ఒక చీటీ మీద ‘54లో లోపలికి, 27లో బయటికి’ అని రాసి పెట్టుకోండి. నవ్వకండి, నేను చెప్పే అన్ని యాప్‌ల కన్నా ఇది గట్టిది.

వీధి పేర్లతో ఇంకో తంటా. ఫ్రెంచ్‌లో రాసేది ఒకటి, పలికేది ఒకటి. మ్యాపు ఇంగ్లిష్ గొంతుతో చదివే పేరుకూ, గోడ మీది పలకకూ పొంతన కుదరదు. నోటితో వెతకొద్దు, అబ్బాయి పెట్టిన గుర్తుల్నే నొక్కండి. బోర్డుల కోసం గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఫ్రెంచ్, తెలుగు రెండూ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక్క ఫ్రెంచే దించుకుని ఊరుకునేవాళ్లు ఎక్కువ.

ఆడియో గైడ్ కావాలంటే నాకు తోచిన ఉపాయం ఒకటుంది. ఒక ఆదివారం మీ అబ్బాయిని పది చోట్లా తిరిగి, ఒక్కో చోట రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడి రికార్డు చేయమనండి. ఫైలుకు చోటు పేరు ఒక్కటే కాకుండా ‘01 సాన్ జాన్ 54’ అని నంబరుతో పేరు పెట్టమనండి, అప్పుడు వరసగా వస్తాయి. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి.

మోకాళ్ల సంగతి మీరు రాయలేదు, అయినా చెబుతున్నా. మ్యాపు ఎక్కే దారి చూపించిందని ఎక్కేయకండి. ఫూర్వియే కొండకు పాత ఊరి మెట్రో స్టేషన్ నుంచి కేబుల్ రైలుంది. పైన బసిలికా అనే పెద్ద చర్చి, దగ్గర్లోనే రోమన్ల కాలం నాటి రంగస్థలం చూసి నడుస్తూ దిగిరండి. క్రొవా రూస్ కొండకు సి లైన్ మెట్రో ఉంది, పళ్ల చక్రంతో కొండెక్కే మెట్రో. అక్కడి నుంచీ దిగడమే.

ఆ క్రొవా రూస్‌కు మాత్రం తప్పకుండా వెళ్లండి. పట్టు నేతగాళ్ల పేట అది. వాళ్లను కానూలు అంటారు. 1831లో కూలి రేట్ల కోసం తిరగబడ్డ పేట. ఎత్తయిన మగ్గాలు పట్టాలని ఇళ్ల పైకప్పులు కూడా ఎత్తుగా కట్టుకున్నారు. మన ధర్మవరం మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టల దండ వేలాడుతుంది చూశారా? దాన్ని జకార్డ్ అంటారు, అది ఈ ఊరి మనిషి పేరే. 1752లో ఇక్కడే పుట్టాడు. చిల్లు ఉంటే ఒక పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టల ఆలోచననే తీసుకున్నాడు. కంప్యూటర్ల గురించి వారం వారం రాసే నాకు ఇది సొంత తాతగారి ఊరు లాంటిది. అక్కడి మేజోన్ దే కానూ అనే మ్యూజియంలో మగ్గం ఆడించి చూపిస్తారు.

ప్రశ్న: నేను లియోన్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. పాత ఊళ్లో నడుస్తుంటే మ్యాపులో నీలి చుక్క పక్క వీధిలోకి గెంతుతోంది. ఫోన్ పాడైందా?

జవాబు: ఫోన్ బాగానే ఉంది. ఇరుకు సందులో ఉపగ్రహం సిగ్నల్ నేరుగా రాదు, ఎత్తయిన గోడలకు కొట్టుకుని ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్ని ఫోన్ దూరంగా లెక్క కడుతుంది. మీ దగ్గర వీధులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చుక్క అవతలి వీధిలో పడుతుంది. చుక్క చుట్టూ లేత నీలం వలయం పెద్దదైతే దాన్ని నమ్మకండి. కాస్త ఖాళీ స్థలంలోకి వచ్చి అర నిమిషం ఆగండి. వైఫై ఆఫ్ చేయొద్దు. దేనికీ కనెక్ట్ కాకపోయినా చుట్టుపక్కల వైఫైలను బట్టి కూడా ఫోన్ చోటు అంచనా వేస్తుంది.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో యూపీఐ నడుస్తుందా? మన ఛార్జర్ పడుతుందా?

జవాబు: 2024 ఫిబ్రవరిలో పారిస్‌లోని ఐఫిల్ టవర్ టికెట్లతో మొదలైంది. అది చూసి లియోన్‌లో కాఫీకి ఫోన్ తీయకండి. కార్డుకు అంతర్జాతీయ వాడకం, ట్యాప్ చేసి కట్టే సదుపాయం రెండూ బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోండి. అవి మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. సన్నటి రెండు పిన్నుల ఛార్జర్ నేరుగా పడుతుంది, మూడు పిన్నులదైతే అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే, చెకిన్ బ్యాగులో పెట్టకూడదు.

ప్రశ్న: ఫ్రాన్స్‌లోనే డిజోన్ అనే ఊళ్లో ఒక రోజు ఆగుతున్నాం. నడిచి తిరగడానికి ఏ యాప్ మంచిది?

జవాబు: ఏదీ వద్దు. అక్కడ కాలిబాటల్లో గుడ్లగూబ బొమ్మ ఉన్న బాణాలు బిగించారు. వాటిని పట్టుకుని వెళ్తే నంబర్లు వేసిన 22 చోట్లు వస్తాయి. వివరాల పుస్తకం టూరిస్టు ఆఫీసులో దొరుకుతుంది. నోత్ర్ దామ్ చర్చి పక్క గోడకు రాతి గుడ్లగూబ ఉంటుంది. జనం తాకీ తాకీ ముక్కూ మొహం అరిగిపోయాయి. మనకు అపశకునం, వాళ్లకు అదృష్టం. ఎడమ చేత్తోనే తాకి కోరిక కోరుకోవాలట. ఫోన్ కుడి చేతిలో పట్టుకోండి.