మీరడిగారు - చరిత్ర మాస్టారు చెబుతారు

ప్రశ్న: ఈమధ్య నాగార్జునకొండ మ్యూజియం చూసొచ్చాం. రాజుగారు అశ్వమేధం చేశారట, ఆయన తోబుట్టువేమో బౌద్ధస్తూపం కట్టించిందట. ఒకే ఇంట్లో ఇదెలా కుదిరింది? మా ఇంట్లో కార్తీక సోమవారం ఉపవాసం మీదే ఏటా పంచాయితీ!
- ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఇంట్లో గొడవలు ఎవరూ రాతి మీద చెక్కించరు కదమ్మా! కానీ చెక్కించినదాంట్లోనే మీకు జవాబుంది.

మూడో శతాబ్దంలో విజయపురి, అంటే మీరు చూసొచ్చిన నాగార్జునకొండ నుంచి ఏలిన ఇక్ష్వాకుల్లో మొదటివాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. మహాసేనుడి, అంటే కుమారస్వామి భక్తుడు. అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడు. ఈ సంగతి మనకు ఎక్కడ దొరికిందనుకున్నారు? తోబుట్టువు శాంతిశ్రీ మహాచైత్యం (అక్కడి పెద్ద స్తూపం) దగ్గర నిలిపించిన ఆయక స్తంభాల మీదే! స్తూపానికి నాలుగు దిక్కులా వరసగా నిలిపే రాతి స్తంభాలవి. ముందు బుద్ధుడికి నమస్కారం, ఆ తర్వాత అన్నీ పుట్టింటి గొప్పలు: మావాడు ఇన్ని యజ్ఞాలు చేశాడు, కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్లు దానమిచ్చాడు అని. లెక్క కాస్త తగ్గించుకునే చదవండి. ఆ దానాల్లో నాగలి కూడా ఉండటం మాత్రం నాకు భలే నచ్చుతుంది. భిక్షువులు తిరిగే చోట యజ్ఞాల ఊసెందుకని ఆవిడ అనుకోలేదు. అందుకే ఆ కుటుంబాన్ని ‘హిందువులా, బౌద్ధులా’ అని అడిగితే నేను జవాబు చెప్పను. ఆ ప్రశ్న వాళ్లకే అర్థమయ్యేది కాదు.

స్తంభం నిలిపింది ఎందుకో కూడా చెప్పింది. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ ఇహపరాల్లో సుఖంగా ఉండాలి, తనకు నిర్వాణం దక్కాలి, లోకమంతా బాగుండాలి. కోరికల వరసలో రెండిళ్లూ ముందే వచ్చాయి చూడండి!

అప్పుడు గద్దె మీదున్నది ఆవిడ మేనల్లుడు వీరపురుషదత్తుడు. అతనే అల్లుడు కూడా. ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్లు బాపిశ్రీ, షష్ఠిశ్రీ కూడా అతని రాణులే. మేనరికం మనవైపు నిన్నమొన్నటిది కాదని చెప్పడానికి ఇంతకంటే పాత సాక్ష్యాలు ఎక్కువ దొరకవు. ఇక గుడి, విహారం పక్కపక్కనే సాగడం తర్వాతి తరంలోనూ ఉంది. వీరపురుషదత్తుడి కొడుకు ఎహువుల శాంతమూలుడి కాలంలో కృష్ణ ఒడ్డున పుష్పభద్రస్వామి అనే శివుడి గుడి లేచింది. అతని తోబుట్టువు, వనవాస (నేటి కర్ణాటకలోని బనవాసి) రాజును పెళ్లాడిన కొడబలిశ్రీ, ఇక్కడే భిక్షువులకు విహారం కట్టించింది.

ప్రశ్న: మరి మామూలు జనం? అన్నీ రాణులేనా?
- అదే పాఠకురాలు

జవాబు: అందుకు అమరావతికి రండి. అక్కడి బౌద్ధస్తూపానికి దానమిచ్చినవాళ్లలో గృహిణులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాలమ్మేవాళ్లు, భిక్షుణులు ఉన్నారు. నాకిష్టమైనవాడు విధికుడనే చర్మకారుడు. పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో మీరు చూసే పూర్ణఘటం ఆ అమరావతి శిల్పుల సొత్తే. పలక మీద తన ఒక్కడి పేరే వేయించుకుని ఊరుకోలేదు విధికుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, అందరినీ కలిపే రాయించాడు.